పన్నెండు పేర్లు, పదమూడో మనిషి

ముప్పై ఏళ్లకు పైగా సంఘ కాపరిగా పనిచేశాను. మొదట దివిసీమలో, తరవాత గుడివాడ వైపు, చివర్లో బందరు దగ్గర. ఈ మధ్య బైబిలు పాఠశాల ముగించుకుని పనిలో చేరబోతున్న ఇద్దరు యువకులు నన్ను చూడ్డానికి వచ్చారు. ప్రసంగం ఎంతసేపు ఉండాలి, పాటలు ఎన్ని పాడించాలి అని అడిగారు. ఏదో చెప్పి పంపాను గానీ, ఆ జవాబు నాకే తృప్తిగా లేదు. ప్రసంగం బాగా లేకపోతే సంఘం క్షమిస్తుంది. అంత సులువుగా క్షమించలేనివి వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి నా చేతుల మీదుగా జరిగింది. దాన్ని ఇక్కడ రాసిపెడుతున్నాను. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. వాళ్ల బంధువులు ఇంకా ఆ పేటలోనే ఉన్నారు.

ఆదివారం కబుర్లు

నా మొదటి సంఘం అవనిగడ్డకు దిగువన, కాలవ పక్కన ఒక పేటలో ఉండేది. మొదటి జర్మనీ యుద్ధం ముగిసిన కొత్త రోజులవి. మట్టి గోడలు, తాటాకు కప్పు, లోపల ఒక బల్ల. అదే మా గుడి. పెద్ద వాన వస్తే ప్రార్థన ఆపి అందరం మధ్యలోకి జరిగి నిలబడేవాళ్లం.

ప్రసంగానికి ముందు కుటుంబ వార్తలు చెప్పడం అక్కడి ఆచారం. బంటుమిల్లిలో ఇచ్చిన పిల్లకు మగబిడ్డ పుట్టాడు. గూడూరులో ఉన్న తిమోతి బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. సామేలు పెడనలో అద్దకం పనికి కుదిరాడు, వచ్చే నెల భార్యను తీసుకెళ్తాడు. ఇవన్నీ నేను వారమంతా ఇంటింటికీ తిరిగి పోగుచేసుకుని, బల్ల దగ్గర నిలబడి చెప్పేవాణ్ణి. ప్రసంగంలో కునికిపాట్లు పడే ముసలివాళ్లు కూడా ఈ వార్తలకు మెడ నిక్కించి కూర్చునేవారు. ఊళ్లో ఎవరూ వాళ్ల చావుపుట్టుకల్ని పట్టించుకోరు. ఇక్కడ మాత్రం నలుగురి ముందు పేరు పెట్టి చెప్తారు. కొత్తగా వచ్చేవాళ్లు ఇది చిన్న పని అనుకోవద్దు. కాపరి నోట వచ్చిన మాట ఆ మనుషులకు నిజం. నేను చెప్తే పుట్టినట్టు, నేను చెప్తే పోయినట్టు. ఇరవై ఆరేళ్ల వయసులో ఆ సంగతి నాకు పూర్తిగా అర్థం కాలేదు.

వాయిదా

మార్తమ్మ అనే విధవరాలికి ఒక్కతే కూతురు, రూతమ్మ. పంతొమ్మిదేళ్ల పిల్ల. తల్లీకూతుళ్లు నాట్లకీ కోతలకీ వెళ్లి బతికేవాళ్లు. రూతమ్మ బాప్తిస్మం అడిగింది. మాలో పసిపిల్లలకు నీళ్లు చల్లడం ఉండదు. పెద్దవాళ్లు తమంతట తాము నమ్మి అడగాలి. డీకన్ల ముందు, అంటే సంఘ పెద్దల ముందు కూర్చుని కాపరి వేసే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ తరవాతే నీళ్లలోకి దిగాలి.

మొదటి రెండు ప్రశ్నలకు బాగానే చెప్పింది. మూడోది, "నువ్వు రక్షణ పొందావని నీకెలా తెలుసు?" అని అడిగాను.

నేల చూసి, "నాకు తెలిసినట్టే ఉందండీ. ఎలా తెలుసో మాత్రం తెలీదండీ," అంది.

డీకన్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్నకు అంతకంటే నిజమైన జవాబు నేను మళ్లీ వినలేదు. ఆ రోజున మాత్రం, నా దగ్గర తయారైన వాళ్లు తడబడ్డారని మిషను దొరగారు అనుకుంటారేమోనని భయపడ్డాను. "ఇంకాస్త నేర్చుకో అమ్మా. వచ్చేసారి చూద్దాం," అన్నాను.

వచ్చేసారి రాలేదు. వానాకాలం జ్వరాలలో మూడు రోజులు పడి ఉండి రూతమ్మ చనిపోయింది. బాప్తిస్మానికని కొని దాచిన తెల్లచీరే కట్టి మార్తమ్మ ఆమెను పంపింది. సమాధి దగ్గర ప్రార్థన నేనే చేశాను.

మార్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు రోజుల తరవాత మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. "అయ్యగారూ, మా పిల్ల లోపలున్నట్టా, బయటున్నట్టా?" అని అడిగింది.

నీళ్లు కాదు రక్షించేది, విశ్వాసం అని చెప్పాను. అది సరైన జవాబే. ఆమె తలాడించి వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం గుడి బయట మళ్లీ అదే అడిగింది. ఆ పై ఆదివారం మళ్లీ అడిగింది. సరైన జవాబు చెప్పడం వేరు, ఎదుటి మనిషికి ఊరట కలగడం వేరు అని నాకు తెలిసొచ్చింది ఆ వారాల్లోనే.

కాలవ రేవు

జనవరి నెలాఖరుకి కోతలు, నూర్పిళ్లు అయిపోయి మనుషులకు కాస్త తీరిక దొరికింది. పన్నెండు మందికి బాప్తిస్మం ఇవ్వాలని నిర్ణయించాం. ఐదుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు. పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఆ ఉదయం పొగమంచు విపరీతంగా పట్టింది. పొద్దు పొడిచినా అవతలి గట్టు కనిపించలేదు. రేవు మెట్లు నాలుగు కనిపించి ఐదోది కనిపించలేదు. సంఘమంతా గట్టు మీద నిలబడి పాట అందుకుంది. పాట వినిపిస్తోంది గానీ పాడేవాళ్లు మసకగా ఉన్నారు. బైబిలమ్మ దీనమ్మ గారు, అంటే ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు చదివి వినిపించే పెద్దావిడ, తాటాకు తడికలు కట్టిన మరుగులో పొడిచీరలతో ఉంది. నేను నడుం లోతు నీళ్లలో నిలబడ్డాను.

మగవాళ్లు అయిపోయారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగారు. అందరివీ తెల్లచీరలే, అందరికీ ముసుగులే. ఏడో ఆవిడ పేరమ్మ. భారీ మనిషి కావడంతో ఆవిణ్ణి ముంచి లేపడానికి కొంచెం అవస్థ పడ్డాను. ఆవిడ మెట్లెక్కుతుండగానే ఇంకొకరు వచ్చి నా ముందు నిలబడ్డారు.

నేను లెక్క చూసుకోలేదు. పేరు చెప్పి ముంచడం మా పద్ధతి. "నీ పేరేంటమ్మా?" అని అడిగాను. పెదవులు కదిలాయి. గట్టు మీద పాట జోరుగా ఉండి నాకు వినపడలేదు. మళ్లీ అడగాల్సింది. అడగలేదు. "సహోదరీ," అని పిలిచి, చెప్పాల్సిన మాటలు చెప్పి ముంచాను.

రెండు సంగతులు నా చేతులకు తెలిశాయి. నేను ముంచకముందే ఆ చీర పూర్తిగా తడిసి ఉంది. ఆ భుజం కాలవ నీళ్ల కంటే చల్లగా ఉంది.

లేచాక ఆమె నా వైపు చూడలేదు. ముసుగు జారింది. నా భుజం మీదుగా మెట్ల వైపు, అక్కడ ఎవరో ఉన్నట్టు చూసింది. నేనూ తిరిగి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. ఇటు తిరిగేసరికి ఆమె ఒడ్డు పక్కన తుంగలోంచి నడుచుకుంటూ మంచులోకి వెళ్లిపోతోంది. సిగ్గుపడి చుట్టూ తిరిగి తడికల వైపు వెళ్తోందనుకున్నాను.

గట్టెక్కాక దీనమ్మ గారితో, "ఎనిమిదో ఆవిడ ఎవరండీ?" అన్నాను.

"ఎనిమిదో ఆవిడేంటి అయ్యగారూ? ఏడుగురే. ఏడు చీరలు పిండి ఆరేశాను, చూడండి," అంది.

చూశాను. ఏడే ఉన్నాయి.

అందరూ తమవాళ్లే అన్నారు

గట్టు మీద నుంచి ఆ మనిషిని చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్క క్షణం ముసుగు జారినప్పుడు, ఆ మంచులో. మధ్యాహ్నానికి పేటంతా అదే మాట.

పేరమ్మ తన చెల్లెలంది. పొయ్యిమీద పెట్టిన నీళ్లు కాగకముందే కాన్పు నొప్పుల్లో పోయిన చెల్లెలు. వడ్రంగి యాకోబు తన మొదటి భార్య అన్నాడు. ఒక ముసలాయన, ఎప్పుడో పెద్ద గాలివానలో కొట్టుకుపోయిన తన అక్క అన్నాడు. ఎవరూ అబద్ధం ఆడటం లేదు. చెప్తున్నప్పుడు వాళ్ల ముఖాలు చూశాను. ఇంకో సంగతి కూడా గమనించాను. వాళ్లు చెప్పిన ఆడవాళ్లందరూ బాప్తిస్మం పొందకుండా పోయినవాళ్లే.

ఆ ఆదివారం కుటుంబ వార్తల వేళ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. "అయ్యగారూ, మా చెల్లెలి సంగతి చెప్పండి." "మా అక్క సంగతి చెప్పండి." బతికున్నవాళ్ల కబుర్లు ఎవరూ అడగలేదు. ఆ గదిలో కూర్చున్నవాళ్ల కంటే ఎక్కువమంది ఉన్నట్టు అనిపించింది. గట్టిగా ప్రార్థన చేసి త్వరగా ముగించేశాను.

మార్తమ్మ ఆ రోజు లేవలేదు. గురువారం నాడు మా ఇంటికి వచ్చింది. గుమ్మం పక్కన కూర్చుని, "నేనూ చూశానండీ," అంది.

"ఎవర్ని?"

"మీకూ తెలుసు కదండీ. మీ చేతుల్లోంచే కదా లేచింది. వచ్చేసారి చూద్దాం అన్నారు. వచ్చింది." ఆ తరవాత, "పుస్తకంలో రాస్తారాండీ?" అని అడిగింది.

నేను చేసిన తప్పు ఇది. రిజిస్టరు తెచ్చాను. పన్నెండు పేర్ల కింద పదమూడో పేరుగా రూతమ్మ అని, మార్తమ్మ కుమార్తె అని రాశాను. ఆ తల్లి మీద జాలితో రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. ఆ పేరు అక్కడ ఉంటే నేను ఆ పిల్లను ఆపిన సంగతి చెరిగిపోతుంది. ఆ సగం జాలి నా మీద నాకు.

ఆ తరవాత మార్తమ్మ లోపలా బయటా అని మళ్లీ అడగలేదు.

గుమ్మం దాకా వచ్చిన మనిషి

మరో రెండు రోజులకు ఊళ్లోంచి మోతుబరి రైతు వీరయ్య గారు ఇద్దరు మనుషులతో వచ్చారు. ఆయన మా పేటలోకి రావడం అదే మొదలు. గుడిలో అడుగు పెట్టలేదు. బయటే నిలబడి నన్ను పిలిపించారు.

"మా అన్నగారి భార్య కనపడటం లేదు. కోటేశ్వరమ్మ. మీరు కాలవలో మునకలు వేయించిన పొద్దుటి నుంచే. మీ బైబిలమ్మ మా పెరట్లోకొచ్చి ఆవిడకి అక్షరాలు నేర్పేదట. మీలో కలుపుకున్నారా?"

ఆయన అన్నగారు పోయి మూడేళ్లయిందని నాకు తెలుసు. ఆమె విధవరాలు. ఆ ఇంట్లో ఎప్పుడూ తెల్లచీరే.

రిజిస్టరు తెచ్చి గుమ్మం దగ్గర నిలబడి పట్టుకున్నాను. ఆయన దాన్ని ముట్టుకోరు గనక నేనే పేజీ తిప్పి చూపించాను. ఆయన వరసగా చదివారు.

"ఈ ఆఖరు పేరు?"

"రూతమ్మ అండీ. మార్తమ్మ కూతురు."

"మా మనిషి పేరు లేదన్నమాట."

"లేదండీ."

ఆయన ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "తెల్లారకముందే వెళ్లింది. పై రేవు దగ్గర చెంబు దొరికింది. పొద్దు పొడిచే వేళకి నీళ్లలో తెల్లచీర కొట్టుకుపోవడం మా పాలేరు చూశాడు. మీవాళ్ల పాట అప్పుడే మొదలయిందట," అన్నారు. వెళ్లిపోయారు.

మేము పాట మొదలుపెట్టిన చాలాసేపటికి గానీ నేను ఆ మనిషిని ముంచలేదు. గుమ్మంలో అలాగే నిలబడి నా చేతులు చూసుకున్నాను. పై రేవులో మునిగిన మనిషి కింది రేవుకి వచ్చి నా ముందు నిలబడింది. నేను ఎవరిని ముంచాను?

ఇది ఎవరితోనూ చెప్పలేదు. శవం దొరకలేదు. కొంతకాలం చూసి వాళ్లు దర్భబొమ్మకు దహనం చేసి దినవారాలు జరిపించారు. నేను కాలవలో స్నానం మానేశాను. బావి నీళ్లు తోడుకున్నా, మొదటి చెంబు భుజం మీద పడగానే ఆ చల్లదనం గుర్తొచ్చేది. బల్ల దగ్గర నిలబడి బతికున్నవాళ్ల కబుర్లు చెప్తుంటే ఒకరి పేరు బదులు ఇంకొకరిది వచ్చేది.

ఎండిన కాలవ

ఏప్రిల్‌లో కాలవ కట్టేశారు. నీళ్లు ఇంకిపోయి అడుగున బురద ఎండి పగుళ్లిచ్చింది. ఒక మధ్యాహ్నం, ఎండకు పేటలో ఒక్కరూ బయట లేని సమయం. నేను గుడి అరుగు మీద కూర్చున్నాను. ఎండిన కాలవ నడి అడుగున ఒక తెల్లచీర నడిచి వస్తోంది. గట్టు మీద కాదు, నీళ్లుండాల్సిన చోట. రేవు దగ్గరకు వచ్చి, మేము దిగిన మెట్లే ఎక్కి, నా వైపు వచ్చింది.

లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకోవాలనిపించింది. అయినా అరుగు మీదే కూర్చున్నాను.

"నన్ను గుర్తుపట్టలేదాండీ?" అంది.

నీడ ఉందా అని చూశాను. దాచడం దేనికి, ముందు అదే చూశాను. ఉంది. అరికాళ్లకు దుమ్ము ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మంచినీళ్లు ఇచ్చాను. మా ఇంటి చెంబుతో నీళ్లు తాగింది. వీరయ్య గారి వదినగారు గుక్కలు మింగడం చూశాక గానీ, ఆమె బతికే ఉందని నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. మరుక్షణం, ఆ ఇంటి మనిషి మా చెంబు ముట్టుకుందంటే, ఆమె వదిలి వచ్చింది ఎంతటిదో తెలిసింది.

"ఆ పొద్దున నేను కాలవకి వచ్చింది బాప్తిస్మానికి కాదండీ," అంది కోటేశ్వరమ్మ. "పై రేవులో దిగాను. పీక లోతు దాకా వెళ్లాను. పైన కప్పుకున్న తెల్లదుప్పటి కొట్టుకుపోయింది. అక్కడ నిలబడిపోయాను, ముందుకీ వెళ్లలేను, వెనక్కీ రాలేను. అంతలో మంచులోంచి పాట వినపడింది. నేను చచ్చిపోయాననే అనుకున్నాను. ఒడ్డు పట్టుకుని పాట వైపు వచ్చాను."

పాలేరు చూసిన తెల్లబట్ట అదన్నమాట. తడిసిన చీర, మంచులాంటి భుజం, అన్నిటికీ అర్థం దొరికింది. మూడు నెలల బరువు దిగినట్టయింది. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు.

"మీ రేవు దగ్గరకొచ్చి తుంగలో దాక్కున్నాను. ఒక పిల్ల నా దగ్గరకొచ్చింది. సన్నగా ఉంది. ఆ పిల్లదీ తెల్లచీరే. 'చలేస్తోందా?' అంది. అవునన్నాను. 'నా వంతు ఉంది, నువ్వు తీసుకో' అని చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తెచ్చి వదిలింది. మునిగి లేచి చూస్తే కనపడలేదు. నాకు భయం వేసి పారిపోయాను. పడవ పట్టుకుని బంటుమిల్లిలో మా పిన్ని దగ్గరకు చేరాను. ఇన్నాళ్లూ దాచింది. ఇంక వాళ్లబ్బాయిలు ఉంచనంటున్నారు."

ఆమె వచ్చిన పని రెండు మాటల్లో చెప్పింది. మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకోవాలని ఉంది. సంఘం నుంచి ఉత్తరం కావాలి. "ఇంకోటండీ. ఆ పిల్లకి ఒక మాట చెప్పి వెళ్దామని. ఎక్కడుంటుందండీ?"

రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఆమె దీనమ్మ గారు నేర్పిన చదువుతో వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చివరి పేరు చదివింది.

"రూ-త-మ్మ. ఆ పిల్ల పేరాండీ?"

మార్తమ్మ

మార్తమ్మను పిలిపించక తప్పలేదు. వస్తే ఏమవుతుందో తెలుసు. నీళ్లలో కూతుర్ని చూశాననే నమ్మకంతో బతుకుతున్న మనిషి. ఆ మునిగింది ఈమె అని చెప్పాలి.

చెప్పాను. మార్తమ్మ కోటేశ్వరమ్మను చాలాసేపు చూసింది. "మీరాండీ అమ్మాయిగారూ?" అంది. గొంతులో ఏమీ లేదు. కోటేశ్వరమ్మ తాను నాకు చెప్పినదంతా మళ్లీ చెప్పింది. ఎదురుగా ఉన్నది ఎవరి తల్లో ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు.

విన్నాక మార్తమ్మ ఒక్కటే అడిగింది. "ఏ చేత్తో పట్టుకుందండీ?"

కోటేశ్వరమ్మ కళ్లు మూసుకుని తన చెయ్యి చాపి చూసుకుంది. "ఎడమ చేత్తో," అంది.

మార్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. రూతమ్మది ఎడమచేతి వాటం. కొడవలి కూడా ఆ చేత్తోనే పట్టేదట. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేసిన నేను ఆ సంగతి గమనించలేదు. ఎడమచేతి వాటం వాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. ఆ రోజు మంచులో అవతలి ఊరి పిల్ల ఎవరైనా వచ్చి ఉండవచ్చు. తరవాత నేను చుట్టుపక్కల ఊళ్లన్నీ అడిగాను. ఆ రోజు రేవుకి వచ్చింది నేనే అన్న పిల్ల ఎవరూ దొరకలేదు. అంతకు మించి నాకు తెలియదు.

అప్పుడు కూడా నాకు ఒక తెలివితక్కువ తెలివి పుట్టింది. "కోటేశ్వరమ్మ గారూ, బాప్తిస్మంలో కొత్త పేరు పెట్టుకోవడం మాలో ఉన్నదే. మీరు ఈ పేరే ఉంచుకోండి. మీ వాళ్లు వెతికినా దొరకరు," అన్నాను. ఆమెకు క్షేమం, నా తప్పు బయటపడదు. ఆమె సరేనని తల ఊపబోయింది.

మార్తమ్మ ఒప్పుకోలేదు. "ఆ పేరుగల మనిషి మట్టిలో ఉందండీ. ఇంకో మనిషికి తొడగొద్దు," అంది. "కొట్టేయండి అయ్యగారూ. ఆ వంతు ఈ అమ్మాయిగారిది. మా పిల్ల ఇచ్చేసింది."

కలం తీసుకుని ఆమె చూస్తుండగా రూతమ్మ పేరు కొట్టేశాను. పక్కన కోటేశ్వరమ్మ అని రాశాను. ఆ పిల్లను రెండోసారి ఆపినట్టు అనిపించింది. ఆ పిల్ల మార్తమ్మ కూతురని, బతికి లేదని అప్పుడే కోటేశ్వరమ్మకు అర్థమైంది. మార్తమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ ఆదివారం

కుటుంబ వార్తల వేళ నా తప్పే మొదటి వార్తగా చెప్పాను. రూతమ్మను ఆపింది నేను, ఆమె బాప్తిస్మం లేకుండా పోయింది, పుస్తకంలో లేనిది రాసింది నేను, వీరయ్య గారికి తప్పుడు మాట చెప్పింది నేను. నీళ్లలో మునిగింది బతికున్న మనిషి అని విన్నప్పుడు పేరమ్మ గట్టిగా ఏడ్చింది. చెల్లెలు మళ్లీ పోయినట్టయింది ఆవిడకి. ఇంకా కొందరు అలాగే ఏడ్చారు. ఒక్క పేరు నేను మళ్లీ అడగనందుకు ఎంతమంది తమవాళ్లను రెండుసార్లు పోగొట్టుకున్నారో ఆ రోజు చూశాను.

వీరయ్య గారికి నేనే వెళ్లి చెప్పాను. కొట్టిస్తారనుకున్నాను. "మా ఇంట్లో ఆమె పోయింది. దినం కూడా అయింది. పోయినవాళ్లతో మాకు పని లేదు," అని లోపలికి వెళ్లిపోయారు. ఆ మాట మోసుకొచ్చి చెప్తే కోటేశ్వరమ్మ, "అయితే నేనింక ఎవరికీ భయపడక్కర్లేదు," అంది. అది సంతోషమో దుఃఖమో ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను.

మా పెద్ద పాస్టరు దేవసహాయం గారు కబురు విని గొడుగేసుకుని ఎండలో నడిచి వచ్చారు. మేమంతా ఆయనకు భయపడేవాళ్లం. రిజిస్టరు చూసి మూసేశారు.

"ఆ పిల్లని ఆపడం నీ గొప్ప కోసం చేశావు. పేరు రాయడం నీ భయం కోసం చేశావు. రెండింటినీ జాలి అని పిలవకు," అన్నారు. నన్ను గుడివాడ వైపు మరో సంఘానికి, ఏడాది పాటు ఇంకొక కాపరి కింద పనిచేయడానికి పంపుతున్నట్టు చెప్పారు. అది న్యాయమే. మనిషిని తిట్టకుండా తప్పును తప్పుగా చూపించే పెద్దలు దొరకడం అదృష్టం. మీకు దొరికితే వాళ్లను వదులుకోకండి.

రేవులో కనిపించిన పిల్ల గురించి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గొడుగు తెరిచి రెండడుగులు వేశాక మాత్రం ఆగారు.

"ఎడమ చెయ్యేనా?"

"అవునండీ."

తల పంకించి వెళ్లిపోయారు.

ఒక్క మాట

తొమ్మిది పదేళ్ల తరవాత మార్తమ్మకు ఒళ్లు వాచి, మిషను ఆసుపత్రిలో చేర్చారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. కోటేశ్వరమ్మ అక్కడ పెద్ద నర్సు. ఈ మధ్యకాలమంతా ఇద్దరి మధ్యా రాకపోకలు ఉన్నాయని అక్కడే తెలిసింది. సెలవు దొరికితే ఆమె ఆ పేటకు వెళ్లి మార్తమ్మ ఇంట్లోనే తినేదట. అమ్మాయిగారూ, మీరూ అనే పిలుపులు ఎప్పుడో పోయాయి.

నేనున్న మూడు రోజులూ సాయంత్రం కాగానే మార్తమ్మ అదే అడిగేది. "ఏమే, ఆ పిల్ల ఇంకేమంది?"

"చలేస్తోందా అంది. నా వంతు ఉంది, నువ్వు తీసుకో అంది. అంతే పెద్దమ్మా."

"ఇంకేం అనలేదా?"

"అనలేదు."

మూడో సాయంత్రం నేను తట్టుకోలేకపోయాను. కోటేశ్వరమ్మను వరండాలోకి పిలిచి, "అమ్మా, పెద్దావిడ రేపో మాపో అన్నట్టుంది. అమ్మని అడిగానని చెప్పమందనో, అమ్మని బాగా చూసుకోమందనో, ఒక్క మాట అనరాదూ? ఎవరికి నష్టం?" అన్నాను. ఇన్నేళ్ల పని, అంత అవమానం తరవాత కూడా నా నోటి నుంచి వచ్చిన మాట అది.

ఆమె నా వైపు కోపంగా చూడలేదు. "అననిది ఎలా చెప్పనండీ?" అంది, లోపలికి వెళ్లింది.

మరుసటి రోజు మార్తమ్మ ఆ ప్రశ్న వేయలేదు. కోటేశ్వరమ్మ ఆమెకు చెంచాతో గంజి పడుతోంది. రెండు చెంచాలు తాగి చాలంది. కొంచెం సేపటికి, "ఇన్నేళ్లూ అడిగాను," అంది. "ఒక్క మాటైనా కలుపుతుందేమోనని చూశాను. కలపలేదు. కలిపి ఉంటే అంతా కల్పించిందే అనుకునేదాన్ని. అందుకే నమ్మాను. మా పిల్ల వచ్చింది, అంది, అంతే."

ఆ మాట ఆమె కోటేశ్వరమ్మతో అనలేదు. నా వైపు తిరిగి అంది.